ఆయన తెచ్చుకున్న పేరు

ఆవిరి ఇస్త్రీపెట్టె బుస్సుమన్న చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా నా నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. మా బడిలో మాస్టార్లు ఎన్ని బెత్తాలు విరగ్గొట్టుకున్నా సాధించలేకపోయిన పని అది. నా చదువు ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిదిలో కూడా ఒకరోజు కూర్చున్నాను గాని, అది నా తరగతి కాదని సాయంత్రానికల్లా మాస్టారు గుర్తుపట్టేశారు. ఇప్పుడు అరబ్బు దేశంలోని తబూక్‌లో కూరగాయల లారీ నడుపుతున్నాను. మా గది కిందే ఒక లాండ్రీ ఉంది. పొద్దున్నే లారీ తీయడానికి మెట్లు దిగుతుంటే గంజి వాసన, వేడెక్కిన నూలుగుడ్డ వాసన, అరబ్బుల పొడవాటి తెల్ల తోబులకు పట్టి వదలని ఊదు వాసన, మూడూ కలిసి ముఖాన కొడతాయి. ఆ మూడూ కలిస్తే నాకు ఒక మనిషి. ఆయన పేరు రత్నరాజు. పేరు అని రాశాను గాని, ఆయన పేరేమిటన్న దగ్గరే నా తికమక అంతా ఉంది.

అప్పట్లో నేను రాబిగ్‌లో ఉండేవాణ్ణి. సముద్రం పక్కన పెద్ద రిఫైనరీ ఉన్న ఊరు అది. అక్కడి కాంట్రాక్టు కంపెనీల కూలీలు వేసుకునే నూనె మరకల కవరాల్సూ, ఊళ్ళోవాళ్ళ తోబులూ ఉతికే లాండ్రీకి వ్యాను డ్రైవర్ని. లాండ్రీ పైనే మా గది. అందులో మా ముగ్గురికీ మూడు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, ఒక ఫ్రిజ్జు. హైదరాబాదు నుంచి వచ్చిన షఫీ భాయ్ ఏసీలు బాగుచేసేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మల్లేశం లాండ్రీలో ఉతికే మిషన్ల మీద పని చేసేవాడు. మా గదికి ఒక ఆచారం ఉండేది. కొత్తగా ఎవరొచ్చినా మొదటి శుక్రవారం భోజనాలయ్యాక పేరు పెట్టాలి. పెట్టే పూజారిని నేనే. గురక పెట్టే షఫీ భాయ్‌కి కంప్రెసర్ అని పెట్టాను. నోరు విప్పని మల్లేశానికి సైలెన్సర్ అని పెట్టాను. వ్యాను వెనక్కి తీసిన ప్రతిసారీ ఏదో ఒక గోడను పలకరించి వచ్చేవాణ్ణి కాబట్టి, నాకు వాళ్ళిద్దరూ కలిసి రివర్స్ గేర్ అని పెట్టారు. ఆ పేరు గది దాటకూడదు. మనిషి ఖురూజ్ కొట్టించుకుని, అంటే వీసా ముగించుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్ళేరోజు, అందరం వ్యాను దగ్గర నిలబడి ఆ పేరు వెనక్కి తీసుకునేవాళ్ళం. అసలు పేరు పెట్టి, చివర గారు తగిలించి, క్షేమంగా వెళ్ళి రండి అని పంపేవాళ్ళం. ఇక్కడ పడ్డ మకిలి ఇక్కడే వదిలి ఇంటికి శుభ్రంగా పోవాలని ఎవరో పాతవాళ్ళు మొదలుపెట్టారట.

రత్నరాజు జెద్దాలో ఒక హోటలు లాండ్రీలో చేసి, మా దగ్గరికి ఇన్‌ఛార్జిగా వచ్చాడు. గదిలో ఆయనకు నాలుగో మంచం వేశాం. పాలకొల్లు వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, చొక్కా మీద ఒక్క ముడత లేకుండా ఉండేవాడు. మాట్లాడుతుంటే చేతులు ముందు నడిచేవి, మాట వెనకాల వచ్చేది. నడకలో ఏదో లయ ఉండేది. నేను ఆ వారమంతా వ్యాను నడుపుతూ పేర్లు తయారుచేసుకున్నాను. ఏ పేర్లో ఇక్కడ రాయను. మీరు ఊహించగలరు, ఎందుకంటే మీరూ తెలుగు సినిమాలు చూసే పెరిగారు.

శుక్రవారం వచ్చింది. కోడికూర తిని, పేపరు పరిచి, అందరం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన చెయ్యి పైకెత్తాడు.

"ఆగరా అబ్బాయ్. నీకెందుకు శ్రమ? నాకో పేరుంది. చిన్నప్పట్నుంచీ వాడుకలో ఉన్నదే. కొజ్జా."

షఫీ భాయ్ పళ్ళు కుట్టుకుంటున్న పుల్ల నోట్లోనే ఆగిపోయింది.

"ఏందన్నా నువ్వనేది?" అన్నాను చివరికి.

"వినబళ్ళేదా? కొజ్జా అంటున్నాను. ఈ గదిలోనే, తెలుగులోనే. ఆ గడప దాటితే నేను రత్నరాజుని. దాటించేరంటే మటుకు నన్ను చంపేసినట్టే లెక్క. ఏవండోయ్ షఫీగారు, పుల్ల మింగేత్తారు, తియ్యండి ముందు."

ఆయనే నవ్వాడు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో తెలియకుండానే. ఈ దేశంలో అలాంటి సంగతి బయటపడితే ఉద్యోగం పోవడంతో ఆగదని మా అందరికీ తెలుసు. జైలు ఉంది, ఆ తర్వాత ఊరికి తిప్పి పంపడం ఉంది, ఊళ్ళో ఎదురయ్యే ముఖాలున్నాయి. అంత ప్రమాదమైన మాటను తెచ్చి మా కోడికూర గిన్నె పక్కన పెట్టాడు ఆ మనిషి. తర్వాత ఒకసారి వ్యానులో అడిగాను, మేమెట్లాంటోళ్ళమో తెలీకుండానే అంత ధైర్యం ఎట్లా చేసినావన్నా అని.

"ధైర్యమేంట్రా. ఆ వారమంతా నీ మొహంలో పేరు ఉడుకుతానే ఉంది, కనబళ్ళేదనుకున్నావా? నువ్వు ఎలాగూ అనేవోడివి. నువ్వంటే ఎక్కిరింత. ముందు నేనంటే పరిచయం. పైగా జెద్దాలో అన్నేళ్ళు నోరు కుట్టుకుని బతికేను. నేనెవరో ఎక్కడో ఒకచోట నాకైనా వినబడాలి కదా."

ఆ వ్యాను ప్రయాణాల్లోనే తన సంగతులు కొంచెం కొంచెంగా చెప్పాడు. మనసు మగవాళ్ళ మీదకే పోతుందని, అది ఎందుకని ఎవరైనా అడిగితే ఎండ ఎందుకు కాస్తుందని అడిగినట్టే ఉంటుందని చెప్పాడు. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటికకు అమ్మాయిలు దొరక్క ఈయనకే మరియమ్మ వేషం వేసేవారట. నీలంచీర కట్టుకుని ఉయ్యాల ఊపితే ఊరంతా కళ్ళు తుడుచుకునేదట. "మర్నాడు కాలవగట్టు మీద సైకిలేసుకుని వెళ్తుంటే, రాత్రి చప్పట్లు కొట్టినోళ్ళే ఆ మాట అనేవోరు. రాత్రికీ పొద్దున్నకీ నేనేం మారేనో నాకు అర్థమయ్యేది కాదు" అన్నాడు. ఆయన చెప్పే తీరుకు నేను పడీపడీ నవ్వేవాణ్ణి. నవ్వడం అయిపోయాక రోడ్డు చాలా పొడుగ్గా కనబడేది.

ఆయన నాకు పని నేర్పాడు. తోబు మెడపట్టీకి ఆవిరి ఎక్కడ ఆపాలో, ముంజేతి మడత ఎటు తిప్పాలో చూపించాడు. "ఇస్త్రీపెట్టె ముందు వంగి నిలబడకురా, గుడ్డకి నువ్వు దణ్ణం పెడుతున్నట్టుంది. నడుం నిలబెట్టు" అనేవాడు. ఇప్పుడు నేను మెట్ల మీద నిటారుగా అయ్యేది అందుకే. కాని అంతకంటే పెద్దది ఒకటి నేర్పాడు. ఒకరోజు లాండ్రీలో నేను మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ నడకను, ఆయన ఫోనులో అరిచే అరుపును అనుకరిస్తున్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. రత్నరాజన్న మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"బాగా చేత్తావురా. కానీ నువ్వు నవ్వేవోళ్ళనే చూత్తావు. నవ్వనోడు ఎవడో చూడు. జోకు ఎంత దూరం పోయిందో ఆడి మొహంలో ఉంటాది."

ఆ మాట నాకు పనికొచ్చింది. అది తిరిగి ఆయనకే తగులుతుందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

ఇక ఆ పేరు సంగతి. మా ఆచారం ప్రకారం గదిలో ఒకరినొకరు పెట్టిన పేరుతోనే పిలవాలి. కంప్రెసర్ భాయ్ చాయ్ తాగుదాం రా అనేవాణ్ణి, సైలెన్సరూ సబ్బు ఎక్కడ అనేవాణ్ణి. ఆయన దగ్గరికి వచ్చేసరికి నా నాలుక మడత పడేది. అన్నా అని సరిపెట్టుకునేవాణ్ణి. ఊళ్ళో ఉన్నప్పుడు అదే మాటను నేను ఎంతమంది మీద విసిరానో లెక్కలేదు, అప్పుడు నాలుకకు ఏ ఇబ్బందీ రాలేదు. తిట్టుగా సులువుగా వచ్చే మాట పేరుగా ఎందుకు రాదో అంతుపట్టలేదు. "అందర్నీ పేరెట్టి పిలుత్తావు, నన్నొక్కణ్ణే అన్నా అంటావేంట్రా? నేను ఈ గదిలోవోణ్ణి కాదా?" అని ఆయనే ఎత్తిపొడిచాడు. సరేనని ఒకరోజు అన్నం తింటూ, ఊపిరి బిగబట్టి, "కొజ్జా అన్నా, ఉప్పు ఇట్లియ్యి" అన్నాను.

ఆయన చెయ్యి ఉప్పుడబ్బా మీదే కాసేపు ఆగింది. తర్వాత ఇచ్చాడు. అన్నం అయ్యాక గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి అడిగాను.

"కోపమొచ్చిందా అన్నా?"

"తెలీదురా" అన్నాడు. "ఆ మాటని నేనే కదా రమ్మన్నాను. తీరా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక, ఈడేంటి ఇక్కడ అనిపించింది." చెయ్యి తుడుచుకుని మళ్ళీ అన్నాడు, "అనడం మటుకు మానకు. నాకు అలవాటవ్వాలి."

అంటే ఆయనకే ఇంకా అలవాటు కాలేదన్నమాట. నాకు ఇంకా అయోమయం పెరిగింది. షఫీ భాయ్‌ని అడిగాను. ఆయన ఐదుపూటలా నమాజు తప్పనివాడు. "అరే మియా, అతను చేసేది ఏందో అది అతనికీ అల్లాకీ మధ్య. నా పరేషాన్ అది కాదు. మంచి మనిషి, తనను తానే బేఇజ్జత్ చేసుకుంటుండు. ఎందుకు భాయ్?" అన్నాడు. రిఫైనరీ ఆఫీసులో ఒక తెలుగు ఇంజినీరు ఉండేవాడు, చొక్కాలు మా దగ్గరే వేసేవాడు. మా ఊళ్ళో ఒకడున్నాడు సార్ అని కథ కట్టి అడిగాను. "అలా పిలవకూడదు మస్తాన్, చాలా అఫెన్సివ్. గే అనాలి, అది రెస్పెక్ట్‌ఫుల్. అయితే కొందరు ఆ తిట్టుని వాళ్ళే పేరుగా తీసుకుంటారు, అది వాళ్ళకో పవర్. వాళ్ళు అనుకోవచ్చు, మనం అనకూడదు" అన్నాడు. "మరి ఆ మనిషే అనమంటే సార్?" అన్నాను. ఆయన చొక్కాల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "డిపెండ్స్" అన్నాడు. చదువుకున్నవాళ్ళకు చెప్పుకోవడానికి ఆ ఒక్క మాటైనా ఉంది. నాకు అదీ లేదు.

ఆ ఇంజినీరు చెప్పిన మాట రత్నరాజన్నకు చేరవేస్తే తల అడ్డంగా ఊపాడు. "అది మంచి మాటే, కాదనను. కాని ఆ మాటతో నన్ను ఎవరూ పిలవలేదురా. నాకు తగిలింది ఇది. మన దగ్గర మరక పోకపోతే ఏం చేత్తాం? ఎంత రుద్దినా పోని మరకకి ఒకటే మందు, గుడ్డంతా ఆ రంగే వేసెయ్యడం. ఇప్పుడు మరకేదో చూపించమను ఆళ్ళని."

ఒక శుక్రవారం షఫీ భాయ్ స్నేహితుడు ఒక పాకిస్తానీ, క్రేన్ నడిపేవాడు, మా గదికి భోజనానికి వచ్చాడు. నేను అలవాటు కొద్దీ, కొజ్జా అన్నా పెరుగు పెట్టు అనేశాను. ఆ అతిథి తలెత్తి, "యే కొజ్జా క్యా హై భాయ్?" అని అడిగాడు. గడప దాటించవద్దన్న మాట గడప మీదే నిలబడి ఉంది. మల్లేశం పళ్ళెంలోకి ఎంత వంగాడంటే ముక్కు చారులో మునుగుతుందేమో అనిపించింది.

షఫీ భాయ్ తాపీగా మంచినీళ్ళు తాగాడు. ఆ మాటంటే ఆయనకున్నంత ఒళ్ళుమంట మా గదిలో ఇంకెవరికీ లేదనుకునేవాణ్ణి అప్పటికి. "ఇన్‌కే గావ్ మే బడే ఆద్మీ కో బోల్తే. ఇజ్జత్ కా నామ్ హై" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దమనిషిని అట్లా అంటారు, గౌరవమైన పేరు అని.

ఆ పాకిస్తానీ వెళ్ళేటప్పుడు రత్నరాజన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఖుదా హాఫిజ్, కొజ్జా సాబ్" అన్నాడు. తలుపు మూసుకున్నాక రత్నరాజన్న నేలమీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళకి సాబ్ తగిలిందిరా దానికి" అన్నాడు. షఫీ భాయ్ మాత్రం నవ్వలేదు. "నాతో అబద్ధం ఆడించినవ్ భాయ్" అని నమాజు చేసుకునే చాప, ముసల్లా తీసుకుని మూలకు వెళ్ళాడు. ఆ పేరును పూర్తి మర్యాదతో పలికిన మనిషి దాని అర్థం తెలియనివాడు ఒక్కడే. ఆ మర్యాదను కాపాడింది దాన్ని అసహ్యించుకునేవాడు. దీన్ని నేను ఎటు తిప్పి చూసినా ఒక అర్థం రావడం లేదు, ఇప్పటికీ.

ఆ రోజు నవ్వనివాడు ఇంకొకడు ఉన్నాడు. రత్నరాజన్న నేర్పిన పాఠం ప్రకారం చూశాను, కనబడ్డాడు. మల్లేశం. తర్వాత వారాల్లో గమనించాను. ఆ మాట వినబడిన ప్రతిసారీ అతని భుజాలు కొంచెం పైకి లేచేవి, వెనక నుంచి ఏదో వచ్చి తగలబోతున్నట్టు. ఒక మధ్యాహ్నం అతన్ని వ్యానులో ఎక్కించుకుని సబ్బుపొడి బస్తాలు తేవడానికి వెళ్తూ అడిగాను.

"ఏమప్పా సైలెన్సరూ, రత్నరాజన్న మాట నీకు పడదా?"

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆ మనిషి నోటినుంచి నేను ఎన్నడూ విననన్ని మాటలు వచ్చాయి.

"మనిషి మంచోడే. గా మాటనే. మా ఊళ్ళె పోరగాండ్లు నన్ను గదే అంటుండిరి. మా నాయిన సుత అన్నడు, పదిమందిల. నేను గదేనో కాదో నాకే ఎర్కలేదు మస్తానూ. పెండ్లయింది, పిల్లలున్నరు. గా మాట ఇనొద్దనే ఈ ఎడారికొచ్చిన. ఈడికొచ్చి పండుకుంటే నా పక్క మంచం మీదికెళ్ళి గదే ఇనవడవట్టె."

ఈ సంగతి రత్నరాజన్నకు చెప్పాలా వద్దా అని నేను రెండు రోజులు తిరిగాను. చెప్పాను. ఆయన సాయంత్రం మేడమీద దుప్పట్లు ఆరేస్తున్న మల్లేశం దగ్గరికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు.

"మల్లేశం, నేనన్నది నన్ను. నిన్ను కాదు" అన్నాడు.

"ఎర్కే అన్నా. గని చెవులు నావి గదా."

"ఆ మాట మన చేతిలో ఉంటే ఆళ్ళ చేతిలో ఉండదు. మరక పోకపోతే రంగేసుకోవాలి, నేనదే చేసేను."

మల్లేశం తడి దుప్పటి అంచులు సరిచేస్తూ, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు. "నువ్వేసుకున్నవ్, మంచిగనే ఉన్నది నీకు. నేను ఏసుకోను. నా బట్ట నాకు తెల్లగ కావాలె. పోకున్నా సరే, ఉతుకుతనే ఉంట."

ఇద్దరూ నా వైపు చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. ఆయనది నిజమే, ఇతనిదీ నిజమే. ఒక మాట ఒకరికి తల దాచుకునే గొడుగు, ఇంకొకరికి నెత్తిన పడే పిడుగు. ఇద్దరూ ఉండేది ఒకటే గది. దుప్పట్ల మధ్య నిలబడి క్లిప్పులు అందించాను, అంతే.

ఆ రోజు నుంచి రత్నరాజన్న ఆ మాట అనలేదు. ఎవరూ ఆయన్ని మానమని అడగలేదు. ఆయనే మానేశాడు. మాతో పాటే తిన్నాడు, పని చెప్పాడు, నవ్వాల్సినచోట నవ్వాడు. కాని మాట్లాడేటప్పుడు చేతులు కదలడం ఆగిపోయింది. గది లోపల కూడా గడప బయటి మనిషే తిరుగుతున్నట్టు ఉండేది. నేను ఒకసారి ఆ పేరు పెట్టి పిలవబోతే, కళ్ళతోనే మల్లేశం వైపు చూపించి వద్దన్నాడు. మాకు పేర్లున్నాయి. ఆయనకు లేకుండా పోయింది.

ఇది ఎన్ని వారాలు నడిచిందో. ఒక శుక్రవారం అన్నాలయ్యాక మల్లేశం లేచి చొక్కా తొడుక్కున్నాడు. "లబన్ తెస్త, అయిపోయింది" అన్నాడు. లబన్ అంటే ఇక్కడ సీసాల్లో అమ్మే మజ్జిగ. ఫ్రిజ్జు తలుపు నేనే తెరిచి చూపించాను, లోపల రెండు నిండు సీసాలున్నాయి. "సాలవ్" అన్నాడు. గడప దగ్గర ఆగి, మా ఎవరి వైపూ చూడకుండా, "గంటసేపు అయితది. మీరు ముచ్చట వెట్టుకోండ్రి" అని మెట్లు దిగాడు.

అర్థం కావడానికి మాకు కొంత సమయం పట్టింది. ముందుగా అర్థమైంది రత్నరాజన్నకే. తల వంచుకుని పేపరు మీది ఎముకలు ఏరాడు. తర్వాత నెమ్మదిగా చెయ్యి గాల్లోకి లేచింది. "ఒరేయ్ రివర్స్ గేరూ, ఈ కొజ్జాకి ఒక కప్పు టీ పొయ్యరా" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మల్లేశం ఎర్రటి ఎండలో లబన్‌కి వెళ్ళేవాడు. మా ఫ్రిజ్జులో కూర పెట్టడానికి చోటుండేది కాదు. మజ్జిగ పులుసు, మజ్జిగ చారు, మళ్ళీ మజ్జిగ పులుసు. పుల్లటి త్రేన్పు వచ్చినప్పుడల్లా నాకు మల్లేశం మీద గౌరవం పెరిగేది. ఆ గంట అయిపోయిందని మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు చెప్పేది. మామూలుగా అంత చప్పుడు చేసే మనిషి కాదు. రత్నరాజన్న వెంటనే మాట మార్చేవాడు. వాళ్ళిద్దరూ దీని గురించి ఒక్కసారైనా మాట్లాడుకోగా నేను వినలేదు.

తర్వాత లాండ్రీ చేతులు మారింది. కొత్త యజమాని కొత్త మనుషుల్ని తెచ్చుకున్నాడు. రత్నరాజన్నకు ఖురూజ్ పడింది. వెళ్ళేరోజు పొద్దున్నే వ్యాను దగ్గర నిలబడ్డాం. షఫీ భాయ్ కౌగిలించుకుని, "రత్నరాజు గారూ, ఖైరియత్‌గా వెళ్ళండి" అన్నాడు. మల్లేశం ముందుకు వచ్చాడు. పెదవులు కదిలాయి. ఏ పేరు వస్తుందా అని నేను చూశాను. ఏ పేరూ రాలేదు. ఒక లబన్ సీసా ఆయన చేతిలో పెట్టి, "తొవ్వల తాగన్నా" అన్నాడు. రత్నరాజన్న ఆ సీసాను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

నా వంతు వచ్చింది. పూజారిని నేను. ఆచారం ప్రకారం చేతులు జోడించి, "రత్నరాజు గారూ, క్షేమంగా వెళ్ళి రండి" అన్నాను. ఆయన నన్ను ఒక క్షణం ఎగాదిగా చూశాడు, తోబు మీద ముడత చూసినట్టు. వ్యాను ఎక్కాడు. జెద్దా విమానాశ్రయం దాకా కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చున్నాడు. అది బాధో కోపమో నాకు తెలియలేదు.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఎక్కడో ఒకచోట తేలుతుందనుకున్నాను. తేలలేదు. ఇక్కడ తబూక్ గదిలోనూ కొత్తవాళ్ళు వస్తుంటారు, పేరు పెట్టమని నన్నే ముందుకు తోస్తారు. నేను ఇప్పుడు పెట్టడం లేదు. నిన్ను ఏమని పిలవమంటావప్పా అని అడుగుతాను. చెప్పాక, ఎవరి ముందు పిలవాలి, ఎవరి ముందు పిలవకూడదు అని కూడా అడుగుతాను. పేర్ల పూజారికి ముసలితనం వచ్చిందని నవ్వుతారు. నవ్వేవాళ్ళను వదిలేసి, నవ్వనివాడు ఎవడో చూస్తాను. చూశాక ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. ఫ్రిజ్జు నిండా మజ్జిగ కొని పెట్టుకోవడం తప్ప.

రత్నరాజన్న ఇప్పుడు పాలకొల్లులో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు. మొన్న కింది లాండ్రీ వాసన తగిలి, ఆగలేక ఫోను చేశాను. అటువైపు ఆవిరి బుస్సుమంటోంది. నడుము నిటారుగా పెట్టుకునే మాట్లాడాను. ఆ రోజు వ్యాను దగ్గర నేను పలికిన పేరు ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉందని చెప్పలేక, చివరికి ఎప్పటిలాగే వేళాకోళంలోకి దూరి అడిగాను.

"ఏమన్నా, ఆ పొద్దు నీ పేరు వెనక్కి తీసేసుకున్నాము గదా. ఇప్పుడు హాయిగా ఉండావా?"

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టిన చప్పుడైంది.

"ఒరేయ్ రివర్స్ గేరూ, నువ్వెట్టిన పేర్లు నువ్వు తీసుకో, ఎవడు కాదన్నాడు? నాది నేను తెచ్చుకున్నాను కదరా, దాన్ని తీసేసుకోడానికి నువ్వెవడివి? సర్లే, తీసుకున్నావు, ఇప్పుడది నీ దగ్గరే ఉంది కదా. ఓ నాలుగు రోజులు నువ్వే తొడుక్కుని బజార్లో తిరిగి రా. ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో అప్పుడు చెబుదువుగాని."